మా నాయన పట్టుకున్న కాలు

ఈ సంగతి ఇప్పుడే రాయాలి. మా నాయన పోయి నెలవుతోంది. గోడకు పెట్టడానికి ఆయన ఆధార్ ఫొటో పెద్దది చేయిస్తే, అందులో ఎవరికో భయపడుతున్న మనిషి కనిపించాడు. మా నాయన అలా ఉండడు.

కుందుర్పిలో నాతో ఫుట్‌బాల్ ఆడిన అమ్మాయిలూ, గుర్తుందా? గోల్‌కీపర్ రాని రోజు, నన్ను పిలుచుకుపోవడానికి వచ్చిన నాయన పంచె ఎగగట్టి గోల్ ముందు నిలబడ్డాడు. పరుగు, వాలీబాల్, కబడ్డీ అన్నీ ఆడినవాడే. ఫుట్‌బాల్ మాత్రం అదే మొదలు. పీటీ సారు బంతితో దూసుకొస్తే, బంతిని వదిలేసి సారు మడమ పట్టాడు. ఇద్దరూ మట్టిలో పడ్డారు.

"కాలిడువప్పా, గోలు పడిపాయ," అన్నాడు సారు.

"మనిషిని పట్టినాక గోలెట్ల పడతాది సార్?" అని నాయన పడీపడీ నవ్వాడు.

ఎవరో తీసిన ఆ ఫొటో మన గ్రూపులోకి వచ్చింది. అందరూ నవ్వుతుంటే నాకు సిగ్గేసింది. మా ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని కదా. తీసేయండని ఒక్కొక్కరినీ బతిమాలాను. నా ఫోన్‌లో నేనే తీసేశాను.

పన్నెండో తేదీన పటం కట్టించాలి. మీలో ఆ రోజు నా మాట విననివాళ్లు ఒక్కరైనా ఉంటే, ఆలోపు చెప్పండి.