జడ్జిగారి కూతురు చదవని తీర్పులు

మా ఆయన జడ్జిగా చేసి రిటైరయ్యారు. మా అమ్మాయి యూనివర్సిటీలో ప్రొఫెసరు. జడ్జీలు తీర్పులు ఎందుకలా ఇస్తారో పరిశోధించడం దాని పని. ఈ ఇద్దరినీ ఒకే ఇంట్లో భరించినందుకు నాకు ఎవరూ డాక్టరేటు ఇవ్వలేదు.

రిటైర్మెంటు దగ్గరపడ్డ జడ్జీలు ప్రభుత్వం వైపు మొగ్గుతున్నారా అని ఒకసారి అది లెక్క తీయడం మొదలుపెట్టింది. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

"అంటే నేను అమ్ముడుపోయానంటావా?"

"నేనలా అన్లేదు నాన్నా. లెక్క తేలనీండి."

"నా పరువు నీకు లెక్కయిందా!"

అంతే, మాటలు బంద్. "అమ్మా, నాన్ననడిగి పేపరు తే" అని అది, "నువ్వే ఇచ్చెయ్, చదివేశాను" అని ఈయన. మధ్యలో నేనొక పోస్టుమ్యాన్‌ని.

అమ్మాయి, దాని తోటి పరిశోధకుల పద్ధతేమిటంటే, తీర్పులో జడ్జి పేరు నల్లగా కొట్టేస్తారు. ఒక్కో తీర్పును ఇద్దరు విడివిడిగా చదివి, అది ప్రభుత్వానికి అనుకూలమో కాదో గుర్తు పెడతారు. మా భోజనాల బల్ల నిండా ఆ కాగితాలే, కంచం పెట్టుకునే చోటుండేది కాదు. ఒకరోజు అది చదువుతూ టక్కున ఆగిపోయింది. "ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి" అని ఉంది అందులో. ఇంట్లో ఏ గొడవకైనా ఆయన మొదలుపెట్టేది ఆ మాటతోనే. పేరు కొట్టేస్తే మాత్రం కన్నతండ్రి గొంతు తెలియకుండా పోతుందా? అలా పోల్చుకున్నవన్నీ చదవడం మానేసి వేరే ఊళ్ళోని ఇద్దరు ప్రొఫెసర్లకు పంపేసింది. ఈ సంగతి ఆయనకు చెప్పొద్దంది.

ఫలితం చెప్పే రోజున యూనివర్సిటీ హాల్లో నేను ముందు వరసలో కూర్చున్నాను. మొగ్గు కొంచెమే అయినా ఉందని తేలింది. ప్రశ్నలుంటే అడగమన్నారు. వెనక నుంచి తెలిసిన గొంతు వినిపించింది. రానని భీష్మించుకున్న మనిషి చివరి వరసలో లేచి నిలబడ్డారు.

"ఇందులో మీ నాన్న తీర్పులున్నాయా?"

"ఉన్నాయండీ. గుర్తుపట్టాను. అందుకే నేను చదవలేదు, వేరేవాళ్ళు చదివారు."

"వాళ్ళేం తేల్చారు?"

"అడగలేదండీ."

ఆయన ముందు కుర్చీ వీపు పట్టుకున్నారు.

"నా స్నేహితుడి కేసు ఒకటి నా ముందుకొచ్చింది. ఆ కేసు వినకుండా తప్పుకోవాల్సింది. న్యాయంగానే చూస్తాలే అనుకుని కూర్చున్నాను." దాని వైపు చూశారు. "నువ్వు తప్పుకున్నావమ్మా."

నాకు భలే గర్వమనిపించింది. ఎవరిని చూసి అంటే ఏం చెప్పను, ఇద్దరూ నావాళ్ళే.