గోదావరిలో కలవని పటం

మా నాయిన ఏటా కాళేశ్వరం వెళ్లి పిండం పెట్టేవాడు. మనిషికి కాదు, పటానికి.

మాది పటం కథలు చెప్పే ఇల్లు. బొమ్మలు వేసిన పొడవాటి గుడ్డను గోడకు కట్టి, కొంచెం కొంచెంగా విప్పుతూ ఊరూరా కులపురాణం పాడేవాళ్లు మా పెద్దలు. కొత్త పటం వేయించుకున్నాక పాతదాన్ని మనిషి పోయినట్టే సాగనంపి గోదావరిలో కలపాలి. నాయిన చిన్నతనంలో వాళ్ల బాపు, అంటే మా తాత, కూడా పాత పటాన్ని భుజాన వేసుకుని కాళేశ్వరం వెళ్లి, ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. తాత పోయాక, ఇన్నేళ్లు అన్నం పెట్టిన పటమని నాయిన దానికి పిండం మొదలుపెట్టాడు. జనగామలో బస్సెక్కి, భూపాలపల్లిలో మా అక్క ఇంట్లో దిగి, ఆమెను వెంటబెట్టుకుని వెళ్లేవాడు. మా బావ అక్కడ బొగ్గుబాయిలో పనిచేస్తాడు. గుడ్డకు పిండమేంటని మేం నవ్వితే నాయిన తిట్టేవాడు.

నేను తొర్రూరులో ఒక కాలేజీ లైబ్రేరియన్‌ని. పోయినేడు పిల్లలకు చూపిద్దామని యూరప్‌లోని ఓ పాత యూనివర్సిటీ లైబ్రరీ వెబ్‌సైట్ తెరిచాను. వందల ఏళ్లనాటిది. తోలు అట్టల గ్రంథాలు, తాటాకులు చూస్తూ పోతుంటే ఒక పటం వచ్చింది. దాని అంచున పచ్చంచు ఎర్రచీర ముక్కతో అతుకు. అది మా పాత పటమే. మేక నమిలిన చోట నాయనమ్మ తన పెళ్లిచీర చింపి అతుకేసిన ముచ్చట మా ఇంట్లో వినని పిల్లలు లేరు.

కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు. ఆ ఆదివారమే జనగామ వెళ్లి ఫోన్‌లో చూపించాను. నాయిన మొహం నల్లబడింది.

"గంగల కలిపిన అన్నడు గదనే బాపు! అబద్ధమాడిండా? సచ్చిన పటాన్ని పరాయి దేశపోనికి అమ్ముకున్నడా?"

ఆ రోజు నుంచి అన్నం సరిగా ముట్టలేదు. దినవారాలు చేయని శవంలా పటం అక్కడ పడి ఉందని, ఆ పాపం మన ఇంటిదేనని ఒకటే బాధ. "నిమ్మలంగ ఉన్న మనిషికి ఎందుకు చూపెట్టినవే?" అని అక్క ఫోన్‌లో నన్ను ఉతికేసింది. నాయినేమో "తెప్పియ్యి, నేనే కలుపుత" అంటాడు. నీళ్లలో వేస్తామంటే ఏ లైబ్రరీ అయినా పంపుతుందా! నాకు కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ భయం వేసింది. డెబ్బై దాటిన మనిషి తిండి మానేస్తే ఏమవుతాడు?

చివరకు ఆ లైబ్రరీకి రాసి, పటాన్ని వీడియోలో చూపించమని అడిగాను. నాయిన చూడాలనుకున్నది కళ్లనే. బొమ్మలన్నీ అయ్యాక చిత్రకారుడు చివరగా కళ్లు దిద్దుతాడు, అప్పుడే పటానికి ప్రాణం వస్తుంది. కళ్లు చెరిగిపోతే పటం పోయినట్టే. వెబ్‌సైట్ ఫొటోలో మొదటి బొమ్మ వినాయకుడితో సహా మొహాలన్నీ మసకగా ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం తల నెరిసిన లైబ్రేరియన్ ఒకామె తెర మీదకు వచ్చింది. ఆమె ఇంగ్లీషును నేను నాయినకు తెలుగులో చెప్పాను. ముందు వాళ్ల లైబ్రరీ సంగతులు మొదలుపెట్టింది. తొలినాళ్లలో పుస్తకాలను బల్లలకు గొలుసులతో కట్టేవారట.

"పుస్తకాలేమన్న బర్రెలా, తెంపుకొని ఉరుకుతయా?" అన్నాడు నాయిన. చాలా రోజులకు ఆయన నోట వచ్చిన ఎకసెక్కం అది.

యుద్ధంలో బాంబులకు భయపడి పుస్తకాలను ఉప్పుగనిలో దాచి, తర్వాత మళ్లీ పైకి మోసుకొచ్చారట.

"మా అల్లుడు గూడ గంతే. పైకి ఎక్కేదాక మా బిడ్డకు పానం నిమ్మలముండదు."

అది చెబితే ఆమె నవ్వి, మాకూ అంతే అంది. మరి మా పటం ఎట్లా వచ్చిందని అడిగాను. దాన్ని తెచ్చిన ప్రొఫెసర్ దగ్గర ఆమె చదువుకుందట. గోదావరి గట్టున పాటలు పాడే ఒకాయన దాన్ని తన చేతుల్లో పెట్టి, రూపాయి కూడా తీసుకోకుండా, "నీళ్లు తగలనియ్యకు" అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడని ఆ ప్రొఫెసర్ తలచుకునేవాడట.

ఆమె పటం పైభాగాన్ని మెల్లగా విప్పి కెమెరా దగ్గరకు తెచ్చింది. వినాయకుడి కళ్లు తెల్లగా, నల్లగా, మా వైపే చూస్తున్నాయి.

నాయిన లేచి నిలబడి చేతులు జోడించాడు. కథకు ముందు పాడే స్తుతి ఎత్తుకున్నాడు. గొంతు రెండుచోట్ల పగిలింది, అయినా ఆపలేదు. పాట అయ్యేదాకా ఆమె కదలకుండా నిలబడింది.

"కండ్లున్నయి బిడ్డా," అన్నాడు నా భుజం పట్టుకుని. "కండ్లున్నదాన్ని గంగల ఎట్ల ఏస్తడే మా బాపు!" నాకూ ఏడుపాగలేదు. ఆ రాత్రి నాయిన కడుపునిండా తిన్నాడు.

ఈ ఏడు కూడా కాళేశ్వరం పోదామన్నాడు. నేనూ వెళ్లాను. అక్క అలవాటు చొప్పున పిండం చేసి విస్తరాకులో పెట్టింది.

"ఏంది గిది? బతికున్నోళ్లకు పెడ్తరానే పిండం?" అన్నాడు నాయిన. "గిన్నేండ్ల సంది నేను పెట్టినవి ఎవరు తిన్నరో!"

"చేపలు," అంది అక్క.

ముగ్గురం గట్టు మీద పడీపడీ నవ్వాం. తర్వాత నాయిన విస్తరాకు అందుకుని మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగాడు. పిండాన్ని వదిలాడు.

"బాపూ, గిది నీకు," అన్నాడు. "పటం మంచిగున్నది."