రెండూ ఎడమ చేతులే

వీధి మలుపులో కుట్టుమిషన్ పెట్టుకున్న మాస్టారిని అందరూ వేదాంతి అంటారు. ఆయన దాన్ని బిరుదనుకుంటాడు, అన్నవాళ్ల ఉద్దేశం మాత్రం వేరు. ప్యాంటు పొడవు తగ్గించుకుందామని వచ్చినవాడికి జననమరణాల రహస్యం కూడా తెలిస్తే తప్ప విడుదల ఉండదు. "నేను, నాది అన్నవి రెండూ భ్రమ బాబూ, కొంచెం నిటారుగా నిలబడు," అంటూ టేపు తీస్తాడు.

ఆ గదిలోనే ఓ మూల ముక్కాలిపీట మీద ఆయన భార్య కాజాలు కుడుతూ ఉంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో పట్టిన సూది అది. ఆమెకున్న కోరిక ఒక్కటే. ఆ బల్ల ముందు నిలబడి, ఆ పెద్ద కత్తెర పట్టి, గుడ్డ కోయాలి. అడిగినప్పుడల్లా ఆయన కళ్లు అరమోడ్చి, "కోరికే దుఃఖానికి మూలం," అనేవాడు. కోరికా దుఃఖమూ ఆమె వాటాకు వచ్చేవి, కత్తెర ఆయన వాటాకు. పైగా కత్తెర ఒక చేతికే అలవాటు పడుతుందట, ఇంకో చెయ్యి సోకితే పదును పోతుందట. సర్వమూ మిథ్య అయిన ఆ గదిలో ఆ పదును మాత్రం పరమసత్యం. ఆమె మళ్లీ కాజా మీదికి వంగేది.

ఒకరోజు బ్యాంకు గుమాస్తా కోటు గుడ్డ తెచ్చాడు. ఎల్లుండే ఆయన పదవీ విరమణ సభ. గుడ్డ చాలీచాలకుండా ఉంది. మడతపెట్టి కోస్తే చేతులు రెండూ జతగా వస్తాయి గానీ, దానికి గుడ్డ సరిపోదు. అందుకని చేతి కొలత కాగితాన్ని ఒకసారి ఇటు, ఇంకోసారి తిరగేసి పెట్టి విడివిడిగా కోయాలి. గుమాస్తా ఊరుకోక, మంచికీ చెడుకీ తేడా ఏమిటని అడిగాడు. ఇంకేముంది, మాస్టారికి పూనకం వచ్చేసింది.

"మంచీ చెడూ, పైనా కిందా, ఎడమా కుడీ, అన్నీ మన మనసు పెట్టుకున్న పేర్లే సార్! ఉన్నదొక్కటే!"

అంటూనే కోసేశాడు. కాగితం తిరగెయ్యలేదు. నిజంగానే ఉన్నదొక్కటే అయింది, కోటుకి రెండూ ఎడమ చేతులే వచ్చాయి. గుడ్డకు మెరుపు ఒకవైపే కాబట్టి తిప్పి కుట్టడానికీ లేదు.

"మనసు పెట్టుకున్న పేర్లా?" గుమాస్తా లేచి నిలబడ్డాడు. "ఎల్లుండి అందరూ చెయ్యి కలపడానికి వస్తారు. ఏ చెయ్యి ఇమ్మంటారు మాస్టారూ?"

మాస్టారు కొలత కాగితాన్ని అప్పుడు తిరగేసి చూసుకున్నాడు. ఊరందరికీ పంచిన ధైర్యంలో తనకోసం చిటికెడు కూడా దాచుకోలేదు పాపం. అప్పుడు ఆయన భార్య మూలనుంచి లేచి వచ్చి, ముక్కలన్నీ బల్ల మీద పరిచి చూసింది.

"ఒకదాన్ని మళ్లీ కోసి కుడిచేతిగా దిద్దొచ్చండీ. తగ్గినచోట చంక కింద అతుకు వేస్తే కనబడదు. కత్తెర ఇలా ఇవ్వండి."

ఆయన కత్తెరను గుండెకు హత్తుకున్నాడు. "ఇది నాది! ఎవరూ ముట్టుకోకూడదు!"

గుమాస్తాకి అంత కోపంలోనూ నవ్వాగలేదు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు.

"మనదంటూ ఏదీ లేదని ఊరందరికీ మీరే చెప్పారు కదండీ. నేనొక్కదాన్నే నమ్మినట్టున్నాను."

ఆయన కత్తెరను మెల్లగా బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని అందుకుంది. గుడ్డ కరకరమని తెగుతుంటే ఎంత సంతోషం వేసిందంటే, భర్త మీద కోపం కూడా కాసేపు మరిచిపోయింది. పదును ఎక్కడికీ పోలేదు.

గుమాస్తా సభలో ఆ కోటుతోనే అందరికీ కుడిచెయ్యి ఇచ్చాడు. ఆ మాట వీధంతా పాకి, వచ్చినవాళ్లు కోత అమ్మగారే కోయాలనడం మొదలుపెట్టారు. మాస్టారికి ముక్కాలిపీట మిగిలింది. కాజా కుట్టేటప్పుడు నోరు తెరిస్తే చాలు, దారం చిక్కుపడుతుంది. ఉపన్యాసాలు వాటంతటవే ఆగిపోయాయి.

ఒక మధ్యాహ్నం ఆయన చిక్కు విప్పుకుంటూ అడిగాడు. "ఇన్నేళ్లు నోరు మెదపకుండా ఈ పని ఎలా చేశావే?"

ఆమె సుద్దతో గుడ్డ మీద గీత గీస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"మాట్లాడాలనే ఉండేదండీ. మీరు ఆగితే మొదలుపెడదామని చూశాను."