థర్మల్ కెమెరాతో జింకను వెతికిన శుక్రవారం

ఆ శుక్రవారం తెల్లవారుజామున బావ థర్మల్ కెమెరా కటకానికి మా అక్క కొడుకు సాక్సు తొడిగి ఉంది. పసుపు రంగు సాక్సు, మడమ దగ్గర చిన్న బాతు బొమ్మ. ఇసుక పడకుండా రాత్రే తొడిగి పెట్టాడట. మా బావ రాజేందర్ దోహాలో అల్ తుమామా వైపు కడుతున్న కొత్త భవనాల్లో కరెంటు ప్యానెళ్ళు తనిఖీ చేస్తాడు. ప్యానెల్ తలుపు తీసి కెమెరా గురిపెడితే, ఎక్కడ కనెక్షన్ వదులైందో అక్కడి వేడి తెరమీద తెల్లగా కనిపిస్తుంది. ఫుట్‌బాల్ ప్రపంచ కప్ పనుల వల్ల ఆ ఏడాది ఆయనకు వారంలో ఆరు రోజులూ అదే చూపు.

గురువారం సాయంత్రం ఆయనకు నర్సయ్య ఫోన్ చేశాడు. నర్సయ్యది జగిత్యాల వైపు బావ వాళ్ళ మండలమే. షహానియా దాటాక ఒక ఖతారీ కుటుంబపు తోటలో జింకలను చూసుకుంటాడు. వాటిని అక్కడ రీమ్ అంటారు, ఇసుక రంగు జింకలు. తోట పక్కన కొత్త రోడ్డు వేస్తున్నారు. ఆ మధ్యాహ్నం ఒక డంపర్ వెనక్కి వస్తూ కంచెను పడగొట్టింది. చప్పుడుకు బెదిరిన ఆడజింక తెగిన తీగల మీదుగా దూకి, వెనక కాలు కోసుకుని ఎడారిలోకి పారిపోయింది. దానికి ఐదు రోజుల పిల్ల ఉంది. పిల్ల సీసా పాలు ముట్టడం లేదు. "నీ కెమెరా వేడిని జూస్తదంటివి గద రాజేందర్. రేపు ఎండ ముదరకముందే దొర్కకుంటే రెండు పానాలు పోతయ్" అన్నాడట.

నేను దోహా వచ్చి అప్పటికి నాలుగు నెలలు. ఒక పాఠశాల గ్రంథాలయంలో సహాయకురాలిని. అల్ అజీజియాలో అక్కావాళ్ళ ఇల్లు, బడి, మళ్ళీ ఇల్లు. అంతకు మించి ఏమీ చూడలేదు. నన్ను ఎవరూ రమ్మనలేదు. బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. బావ ఒకసారి చూసి, "సరే, మా పుస్తకాలమ్మ గూడ వస్తదట" అని అక్కతో చెప్పి, నీళ్ళ డబ్బా నా చేతికిచ్చాడు.

మూడూ నలభైకి బయలుదేరాం. బండి ఖాజా భాయ్‌ది. నిజామాబాద్ మనిషి, ఫోర్ వీల్ పికప్ నడుపుతాడు. పెట్రోలుతో కలిపి రోజుకు నూట యాభై రియాళ్ళు తీసుకున్నాడు. దారి సులువే, దుఖాన్ రోడ్డు ఎక్కి పడమటికి తిన్నగా పోవాలి. అయితే ఆ రోజుల్లో నగరం దాటడమే ఒక ప్రయాణం. నిన్న ఉన్న మలుపు ఈరోజు ఉండదు, నారింజ రంగు పీపాలు కొత్త దారి చూపిస్తాయి. మీరు వెళ్తే ఇరవై నిమిషాలు అదనంగా పెట్టుకోండి. షహానియా పెట్రోల్ బంకు దగ్గర మసీదులో ఖాజా భాయ్ తెల్లవారి ఫజర్ నమాజు చేసుకుని వచ్చాడు. తలా ఒక రియాల్‌కు కరక్ చాయ్ తాగాం. యాలకుల ఘాటు, గొంతు కాలేంత వేడి. అక్కడి నుంచి పావుగంట పోయి ఎడమకు తిరిగితే ఆరు కిలోమీటర్లు గులకరాళ్ళ బాట. చిన్న కారు పోదు.

తోట చేరేసరికి ఐదు కావస్తోంది, ఇంకా సూర్యుడు రాలేదు. నర్సయ్య పాకలో చతికిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. ఒళ్ళో పిల్ల, చేతిలో పాలసీసా. పిల్ల చెవులు దాని ముఖం కంటే పెద్దవి. రబ్బరు పీకను నాలుకతో తోసేస్తోంది.

"తాగు బిడ్డా, ఒక్క గుక్క" అంటూ నర్సయ్య మమ్మల్ని చూసి లేచాడు. "నిన్న పగటి సంది గిట్లనే. నా చెయ్యి కొరుకుతది గని పాలు తాగది."

"కాకా, రక్తం మరకలున్నయా?" అని బావ అడిగాడు.

"రెండొందల అడుగుల దాంక ఉన్నయ్. అటెన్క అంతా రాళ్ళే."

నర్సయ్య పిల్లను పాకలో పడుకోబెట్టి తలుపు వేశాడు. మరకలు ఆగినచోటి నుంచి నలుగురం ఎడమెడంగా బారు తీరి నడిచాం. ఇక్కడ ఇలాంటి పనికి వెళ్ళేవారి కోసం ఒక మాట చెప్పాలి. నేను అనుకున్నట్టు థర్మల్ కెమెరాలో రక్తపు మరకలు మెరవవు. చల్లారిన రక్తం, చల్లారిన ఇసుక ఒకటే. పైగా బావది ప్యానెళ్ళు చూసే కెమెరా. ఎనభై అడుగులు దాటితే జింకంత జంతువు కూడా చుక్కలాగే కనిపిస్తుంది. అందుకే నడవడం తప్పదు. తెరమీద ఒక చిన్న గుర్తు, అన్నింటికంటే వేడిగా ఉన్నచోటికి తనంతట తానే దూకుతూ ఉంటుంది. బావ ఆ గుర్తు వెనకే పోయాడు.

మొదటి తెల్ల చుక్క నిన్నటి ఎండను దాచుకున్న నల్లరాయి. రెండోది ఒక కుందేలు, మమ్మల్ని చూసి మాయమైంది. మూడోది పెద్దగా, దిబ్బ అంచు పైన కదులుతూ కనిపించింది. బావ వేలు పెదవుల మీద పెట్టుకుని వంగి నడిచాడు. దిబ్బ దాటితే ఖాజా భాయ్, చెప్పులోంచి ముల్లు తీసుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"క్యా భాయ్, జింక దొరకలేదని నా ఫోటో తీస్తున్నవా?"

"కెమెరాల నువ్వే అందరికంటే వేడిగున్నవ్ భాయ్."

"ఇంట్ల మా బేగం గూడ అదే అంటది" అన్నాడు. నర్సయ్య కూడా నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వడం అదే మొదలు.

ఆరున్నరకు ఎండ పడింది. ఏడుకల్లా తెరమీద నేలంతా పసుపు, రాళ్ళన్నీ తెలుపు. గుర్తు పిచ్చిపట్టినట్టు ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదకు గెంతుతోంది. బావ ప్రతి రాయి దగ్గరికీ వెళ్ళి తిరిగి వస్తున్నాడు. నేను ఆయన భుజం పక్కనే నడుస్తూ తెర చూస్తున్నాను. వేడి ఉన్నచోట తప్పు ఉంటుందని వారానికి ఆరు రోజుల పని ఆయనకు నేర్పింది. కానీ మేము వెతుకుతున్నది వదులైన కనెక్షన్‌ను కాదు. ప్రాణం ఉన్న జంతువు ఈ ఎండలో వేడి రాయి మీద ఎందుకుంటుంది? చల్లగా ఉన్నచోటికే పోతుంది.

ఆ మాట నాకు ఏడింటికే తోచింది. చెప్పలేదు. నేను చదువుకున్న కాన్వెంటులో చేయి ఎత్తాలి, సిస్టర్ పేరు పిలవాలి, అప్పుడు లేచి మాట్లాడాలి. ఇక్కడ పిలిచేవాళ్ళు లేరు. పైగా కెమెరా ఆయనది, పని ఆయనది. నర్సయ్య ఒకచోట ఆగి ఆకాశం వైపు, తరువాత తోట వైపు చూశాడు. "పిల్ల అరుస్తున్నట్టున్నది" అన్నాడు. అంత దూరం నుంచి ఏమీ వినిపించదు. అప్పుడు నోరు విప్పాను. ఏడున్నర అయింది.

"బావా, తెల్లగా ఉన్నవి కాదు. నీడలు చూద్దామా?"

"నీడలు మొత్తం నల్లగనే ఉన్నయ్ గద."

"రాళ్ళు మరీ వేడిగా ఉన్నాయి కాబట్టి అలా కనిపిస్తున్నాయేమో. తెరమీది వేడి కొలత కిందికి తగ్గించొచ్చా?"

బావ నా వైపు చూశాడు. ఏదో అంటాడనుకున్నాను. ఆయన వెంటనే మీటలు నొక్కి, కెమెరా తనంతట తాను కొలత మార్చుకోకుండా ఆపి, ఇరవై ఐదు నుంచి నలభై డిగ్రీల మధ్య బిగించాడు. ఎండ పడ్డ నేలంతా ఒకే తెల్లటి ముద్దయిపోయింది. నీడల్లో మాత్రం ఇంతకుముందు లేని రంగులు వచ్చాయి. పొదలు ఒక నీలం, రాతి అరుగుల కింద ఇంకో నీలం.

నాలుగో అరుగు కింద, నీలం మధ్యలో లేత నారింజ రంగులో ఒక ముడుచుకున్న ఆకారం కనిపించింది. దాని వెనక కాలి మీద సన్నటి తెల్ల గీత ఉంది.

"దొర్కింది" అని బావ గుసగుసలాడాడు. "కాలు వాసింది. అచ్చం లూజ్ కనెక్షన్ లెక్క మెరుస్తున్నది జూడు."

అది మేము ఆరింటికి అవతలి పక్కగా దాటి వెళ్ళిన అరుగే. కంటికి ఇప్పటికీ రాయిలాగే ఉంది.

నర్సయ్య మమ్మల్ని ముప్పై అడుగుల దూరంలో ఆపేశాడు. గాయపడిన జింకను తరిమితే భయంతోనే గుండె ఆగి చచ్చిపోతుందట. ఆయన నిలబడి నడవలేదు. కూర్చుని, పక్కకు చూస్తూ, కొంచెం కొంచెంగా జరిగాడు. నోటితో రోజూ మేత వేసేటప్పటి చప్పుడు చేశాడు, నాలుకను అంగిలికి తట్టే చప్పుడు. "దా... నేనే గద. దా బిడ్డా." ఆ ముప్పై అడుగులకు ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి తడి తువ్వాలును దాని కళ్ళ మీద కప్పాడు. అది ఒకసారి తన్నుకుని, తల ఆయన మోచేతి మీద వాల్చింది.

ఖాజా భాయ్ వెళ్ళి బండి తెచ్చి, జింకను ఎక్కించుకున్నాక తోట దాకా గంటకు ఆరు కిలోమీటర్ల వేగం దాటలేదు. "యల్లా అనడానికి గూడ భయమైతున్నది" అన్నాడు. యల్లా అంటే అక్కడ 'పద పద' అని. పదింటికి షహానియా నుంచి జంతువుల డాక్టరు వచ్చాడు, సూడాన్ ఆయన. కుట్లకు గంటకు పైనే పట్టింది. ఆ గంటా నర్సయ్య దాని తల పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఎముక విరగలేదని డాక్టరు అన్నాక ఖాజా భాయ్ అల్లాకు, నర్సయ్య కొండగట్టు అంజన్నకు దండం పెట్టుకున్నారు.

పదకొండూ నలభైకి అది మూడు కాళ్ళ మీద లేచింది. పిల్లను వదిలారు. తల్లి ముందు దాన్ని వాసన చూసి, తల నుంచి తోక దాకా నాకింది. బావ కెమెరా నా చేతికిచ్చాడు. తెరమీద పిల్ల ఒళ్ళంతా నారింజ రంగు, తల్లి నాకినచోటల్లా తడికి చల్లబడి నీలం చారలు. ఆ చారలతోనే అది తల్లి పొట్ట కిందికి దూరింది. పాలు తాగుతున్న చప్పుడు మాకు పాక బయటికి వినిపించింది.

ఇంటికి వచ్చాక ఆ అరగంట గురించి చాలా ఆలోచించాను. ఏడింటికి తోచిన మాటను ఏడున్నరకు చెప్పాను. దాని ప్రాణం గట్టిది కాబట్టి సరిపోయింది. బావ ఆ సంగతి ఎత్తనే లేదు. సోమవారం ప్యానెల్ తనిఖీ నుంచి వచ్చి, "ఇయ్యాల చల్లగున్నయి గూడ జూసిన మరదలా, ఒకటి అసలు కరెంటే లేక చల్లగున్నది" అని మాత్రం చెప్పాడు. నేను ఇప్పుడు బడిలో కొంచెం ముందుగా మాట్లాడుతున్నాను. గొంతు ఇంకా పెరగలేదు.

ఎప్పుడైనా ఇలాంటి వెతుకులాటకు వెళ్తే ఒక్క సూచన: సూర్యుడు రాకముందు మెరిసే చుక్కలను చూడండి, వచ్చాక కొలతను బిగించి నీడలను మాత్రమే చూడండి.

నర్సయ్య మూడేళ్ళ తరువాత ఊరికి వెళ్ళాల్సిన విమానం, ఆయన జింక తల పట్టుకుని కూర్చున్న ఆ శుక్రవారం ఉదయం పదిన్నరకే వెళ్ళిపోయిందని మాకు మరుసటి వారం తెలిసింది.