పదిహేడున్నర గడువు

తొంభైల చివర మహబూబ్‌నగర్‌లో, బస్టాండు వెనక ఉన్న ఒక కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసేదాన్ని. అక్కడ నాకు పని నేర్పినాయన్ని అన్నా అని పిలిచేదాన్ని. మా చెల్లెలు కల్వకుర్తి నుంచి వచ్చినప్పుడల్లా వాళ్లింట్లోనే తినేది, ఆయనకు రాఖీ కూడా కట్టింది. అంత నమ్మాం. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఏడు హైదరాబాద్‌లో ఆడపిల్లలకు హాస్టల్‌తో సహా ఉచితంగా కంప్యూటర్ కోర్సు పెట్టారు. మా జిల్లా దరఖాస్తులన్నీ నేనూ అన్నా కలిసి రాసిన వెబ్ ప్రోగ్రాంలో మా సెంటర్ నుంచే ఎక్కించాలి. గడువు దాటగానే అది తనంతట తానే ఆగిపోయి, వచ్చిన పేర్లను హైదరాబాద్‌కు పంపేస్తుంది. ఆ సీటు రాకపోతే మా చెల్లెలి చదువు ఇంటర్‌తో ఆగినట్టే. పట్నంలో పెట్టి చదివించే స్థోమత మా ఇంట్లో లేదు.

గడువులాంటి విలువలను ప్రోగ్రాంలో రాయకుండా సర్వర్‌లో విడిగా పెట్టేవాళ్లం. వాటిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు. గంటలైనా, సంఖ్యలైనా, అవునో కాదో అనే జవాబైనా అవన్నీ వట్టి అక్షరాలుగానే చేతికొస్తాయి. ఏది ఏ రకమో మనమే చూసుకోవాలి. మేం వాడిన భాషకు మొహమాటం మరీ ఎక్కువ. సంఖ్య కావాలంటే మొదట కనిపించిన అంకెలు తీసుకుని, మిగతాది నోరెత్తకుండా పారేసేది. అందుకే నేనొక కాపలా పెట్టాను. ప్రోగ్రాం మొదలవగానే ప్రతి విలువనూ పరీక్షించి, ఉండాల్సిన రకంలో లేకపోతే నడవనని మొండికేసేలా రాశాను.

గడువును సెంటర్ నడిపే సార్ స్వయంగా టైపు చేశాడు. సాయంత్రం ఐదున్నరను రైల్వే టైంలో, పెళ్లిపత్రికల మీద రాసినట్టే మధ్యలో అడ్డగీతతో, 17-30 అని కొట్టాడు. గంటలకూ నిమిషాలకూ మధ్య రెండు చుక్కలుంటే తప్ప నా కాపలా ఒప్పుకోదు. ప్రోగ్రాం ఆగిపోయింది. ఆ రోజు నాకు జ్వరం, పనికి పోలేదు. సార్ కేకలేస్తుంటే, మీరు రాసిన తీరు సరిగా లేదని చెప్పడానికి అన్నకు నోరు రాలేదట. నా కాపలా వరుసలు తీసేసి, ఆ విలువను నేరుగా గంటల సంఖ్యగా వాడేశాడు. ప్రోగ్రాం నడిచింది, సార్ భుజం తట్టాడు. నాకు మాత్రం మాటైనా చెప్పలేదు.

ఆఖరి రోజు చెల్లెలు కాలేజీలో సర్టిఫికెట్ తీసుకుని బస్సెక్కి, ఐదు దాటాక పరుగున వచ్చింది. ఇంకా టైం ఉంది, కూర్చో అన్నాను. పేజీ తెరిస్తే గడువు ముగిసిందని వచ్చింది. ప్రోగ్రాం పదిహేడును మాత్రం తీసుకుని, అడ్డగీత తర్వాతి ముప్పైని పారేసి, ఐదింటికే పేర్లు పంపేసింది. హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే, వచ్చిన పేర్లే లెక్కని చెప్పి పెట్టేశారు.

ప్రోగ్రాం తెరిచి చూస్తే నా వరుసలు లేవు. అన్న వైపు చూశాను. ఆయన సార్ వైపు తిరిగాడు.

"టైం సంగతంత గీమెనే రాసింది సార్. నేను చెయ్యి వెట్టలె."

నా దగ్గరున్న పాత కాపీ చూపించాను. సార్‌కు అది అర్థం కాలేదు. అర్థమైతే అడ్డగీత తనదని ఒప్పుకోవాలి కదా, ఎందుకవుతుంది? మెట్ల మీదికి వచ్చాక అన్న జరిగిందంతా చెప్పాడు, మెల్లగా, ఎవరికీ వినబడకుండా.

"సార్‌కు తప్పని ఎట్ల జెప్తం? జర నువ్వే సర్దుకో చెల్లె."

ఆ నోటితో చెల్లె అన్నందుకు నాకు అసహ్యం వేసింది. చెంప పగలగొట్టాలనిపించింది.

చెల్లెల్ని కల్వకుర్తి బస్సెక్కించి, కిటికీ దగ్గర నిలబడి అంతా చెప్పాను. కాపలా సంగతి, మెట్ల మీద ఆయనన్న మాట, అన్నీ. సర్టిఫికెట్ కవరు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు వింది. నా వైపు చూడలేదు.

"అన్న మీద ఎందుకేస్తున్నవక్కా? నీతోని తప్పైతే తప్పైందని చెప్పు, నేనేమన్న అంటనా?"