సువార్తమ్మ గారి ఫోన్ ఎందుకు మోగడం మానేసింది

నాలుగేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. అన్నం ముందు కూర్చున్నప్పుడు మరీ బాధపెడుతుంది. ఎవరైనా "కూర ఎలా ఉంది?" అని అడిగితే చాలు, నా చెయ్యి కంచంలోనే ఆగిపోతుంది. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. ఎవరి కోసం ఆ పని చేశానో వాడికి కూడా చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోందేమో. దీన్ని ధైర్యం అనుకోకండి.

పేర్లు మార్చాను. ఊరు మాత్రం చీమకుర్తే.

నేను వెబ్‌సైట్లు తయారుచేస్తాను. ఒంగోలులో నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక చీమకుర్తి వచ్చి, ఇంటి ముందు గదిలో కంప్యూటర్ పెట్టుకుని షాపులకు, చిన్న స్కూళ్ళకు, గ్రానైట్ ఆఫీసులకు తక్కువ ఖర్చులో చేసిపెట్టేదాన్ని. సువార్తమ్మ గారి హోటల్ మెయిన్ రోడ్డు మీద ఉండేది. రాళ్ళ లారీలు పొద్దస్తమానం దాని ముందు నుంచే పోతాయి. ఆవిడ భర్త దానియేలు గారు రాయి కోసే యూనిట్‌లో పనిచేస్తుండగా కుడిచెయ్యి మిషన్‌లో పడి వేళ్ళు పోయాయి. ఇక ఆ పనికి పోలేక ఇద్దరూ కలిసి హోటల్ పెట్టుకున్నారు. వంట ఆవిడది, కౌంటరు ఆయనది. పేరుకు ఫ్యామిలీ రెస్టారెంట్ గానీ, ఆ కుటుంబమంతా అందులోనే బతికేది.

"ఎక్కువ ఇచ్చుకోలేను తల్లీ. కానీ ఎవరన్నా ఫోన్‌లో వెతికితే మేం కనపడాలి" అని ఆవిడే వచ్చి అడిగింది.

మనసుపెట్టి చేశాను. ఈ ముక్క చెప్పడం నన్ను నేను పొగుడుకోవడానికి కాదు. బాగా చేశాను కాబట్టే పాడుచేయడం నాకు అంత తేలికైంది. క్వారీల దగ్గర సిగ్నల్ అంతంతమాత్రం, పనివాళ్ళ దగ్గర ఉండేవి చవక ఫోన్లు. అందుకని ఫోటోలన్నీ బాగా తేలిక చేసి, తాకగానే తెరుచుకునేలా పెట్టాను. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన వాళ్ళ కోసం హిందీలో కూడా మెనూ రాశాను. అన్నిటికంటే పైన పెద్ద ఆకుపచ్చ బటన్. 'ఆర్డర్ కోసం ఫోన్ చేయండి'. దాని మీద వేలు పెడితే చాలు, నంబరు కొట్టే పని లేకుండా సువార్తమ్మ గారి ఫోన్ మోగుతుంది.

మోగింది. బాగా మోగింది. రాయి కొనడానికి బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, ఆఫీసుల వాళ్ళు, చర్చి మీటింగులవాళ్ళు, పుట్టినరోజులవాళ్ళు. ఆవిడ నాటుకోడి పులుసు గిన్నెలో పోసుకుని మా ఇంటికొచ్చేది. "నీ చలవే అమ్మాయ్" అనేది. అలా వచ్చిన ఒకరోజు నాకొక సంగతి చెప్పుకుంది. కరోనా జ్వరం వచ్చినప్పుడు ఆవిడకు వాసన, రుచి రెండూ పోయాయట. కొన్నాళ్ళకు తిరిగొచ్చాయి. "అయినా లోపల భయం పోలేదే. ఒక్కోసారి ఉప్పు చూస్తాను, సరిపోయిందనిపిస్తుంది, నిజంగా సరిపోయిందో లేదో అని మళ్ళీ చూస్తాను. మీ అంకుల్‌కి కూడా చెప్పలేదు" అంది. నవ్వుతూనే అంది. కానీ కళ్ళలో నవ్వు లేదు.

నాకు చెప్పుకుంది. నన్ను నమ్మి చెప్పుకుంది.

ఇక మా తమ్ముడి సంగతి. శ్రీను అందాం. దర్శి వైపు పొలం కౌలుకు తీసుకుని మిరప వేశాడు. పూతకొచ్చిన తోటను తామర పురుగు తినేసింది. ఒకరోజు వాడు ఎంతకీ ఫోన్ ఎత్తకపోతే నేనే బస్సెక్కి వెళ్ళాను. మోటారు షెడ్డులో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన పురుగుమందు డబ్బా. మూత తీసి ఉంది. తాగలేదు. నన్ను చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ డబ్బా తీసుకెళ్ళి ఎక్కడ పారబోశానో నాకిప్పటికీ గుర్తులేదు.

వాడిని మా ఇంటికి తెచ్చుకున్నాను. కొన్నాళ్ళకు కాస్త తేరుకుని అదే మెయిన్ రోడ్డు మీద ఒక హోటల్ తెరిచాడు. ఎవరూ రావట్లేదు. పొద్దున వండినది సాయంత్రం పారబోసుకునేవాడు. మళ్ళీ మాట తగ్గింది. మళ్ళీ ఫోన్ ఎత్తడం తగ్గింది. వాడు స్నానానికి వెళ్ళి ఆలస్యమైతే నేను తలుపు బయట నిలబడేదాన్ని. నీళ్ళ చప్పుడు వినపడితే ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఇదంతా ఎందుకు చెబుతున్నాను? మీరు నన్ను కొంచెమైనా అర్థం చేసుకోవాలనా? అవును, అందుకే. కానీ తమ్ముడిని బతికించుకోవడానికి వేరే దారులు లేవా? ఉన్నాయి. ఇంకో పనిలో పెట్టించవచ్చు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళవచ్చు, సువార్తమ్మ గారినే అడిగి ఉంటే వాడికి కొన్ని ఆర్డర్లు తనే పంపేదేమో, ఆవిడ అలాంటి మనిషే. నేను వాటిలో ఏదీ చేయలేదు. నా చేతిలో తేలికగా ఉన్న పని చేశాను.

క్రిస్మస్ ముందు ఒక మధ్యాహ్నం, ఆ ఆకుపచ్చ బటన్ వెనకున్న నంబరు మార్చాను. కింద రాసి ఉన్న ఆవిడ నంబరు అలాగే ఉంచాను. చూసేవాళ్ళకు ఏ తేడా తెలియదు. తాకినవాళ్ళకు మాత్రం మా తమ్ముడి ఫోన్ మోగుతుంది. టీ చల్లారేలోగా అయిపోయింది. ఈ పండగ వరకే, తర్వాత తీసేస్తాను అనుకున్నాను. మనసులో కూడా కాదు, పైకే అన్నాను, గదిలో ఎవరూ లేకపోయినా.

శ్రీను కంగారుగా ఫోన్ చేశాడు. "అక్కా, ఎవరెవరో చేసి సువార్తమ్మ గారి హోటలేనా అంటున్నారేంటి?" అన్నాడు. ఆవిడ బయటి ఆర్డర్లు మానేసిందని, వచ్చినవి నీకు ఇమ్మని తనే చెప్పిందని చెప్పాను. వాడు నమ్మాడు. ఫోన్ చేసినవాళ్ళకు అదే చెప్పాడు. వాళ్ళూ నమ్మారు. ఆ తర్వాత రోడ్డు మీద సువార్తమ్మ గారు కనిపిస్తే మావాడు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేవాడు. మంచి కుర్రాడని ఆవిడ నాతోనే అంది.

పండగ వెళ్ళింది. నేను మార్చలేదు. వాడు నవ్వడం మొదలుపెట్టాడు. పనివాళ్ళను పెట్టుకున్నాడు. ఇవాళ మార్చేస్తాను అని కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. మూత తీసిన ఆ డబ్బా కళ్ళ ముందుకొచ్చేది. లేచిపోయేదాన్ని.

సువార్తమ్మ గారు అప్పుడొచ్చింది. గిన్నె కూడా తెచ్చింది. కూర్చుంది.

"ఫోన్లు రావట్లేదమ్మాయ్. ఒకసారి నీ సైటు చూడవా?"

చూసినట్టు నటించాను. "బాగానే ఉందాంటీ."

ఆవిడ గిన్నె మూత తీసింది. "మా చర్చి మీటింగుకే వేరే హోటల్ బాక్సులొచ్చాయే. నా పక్కనే కూర్చుని తిన్నారు. ఒక్కరూ ఏమీ అనలేదు. నేనూ అడగలేకపోయాను." గిన్నె నా ముందుకు జరిపింది. "తిని చెప్పు. నిజం చెప్పాలి. నువ్వు నాకు బిడ్డలాంటిదానివి."

తిన్నాను. అదే పులుసు. అదే ఘాటు, అదే కమ్మదనం. ఏమీ మారలేదు. బాగుందని అంటే ఏమవుతుంది? మరి ఫోన్లెందుకు ఆగాయని అడుగుతుంది. ఇంకొకరికి చూపిస్తుంది. బటన్ తాకి చూస్తారు. ఇదంతా నా బుర్రలో తిరిగేలోపే నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"ఏమో ఆంటీ. మునుపటిలా లేదు. ఉప్పు ఎక్కడో తేడాగా ఉంది."

ఆవిడ మొహం చూడకుండా ఉండాల్సింది. చూశాను. కొట్టినట్టు అదిరిపడలేదు. తనకెప్పుడో తెలిసిన సంగతిని ఎవరో ఖాయం చేసినట్టు మెల్లగా తల ఊపింది. "అయితే అదేనమ్మా" అంది. గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

నంబరు మార్చడం దొంగతనం. అది నాకు తెలుసు. ఈ రెండోదాన్ని ఏమంటారు? ఆవిడ భయం ఎక్కడుందో ఆవిడే చూపించింది. నేను సరిగ్గా అక్కడే పొడిచాను. అది తమ్ముడి కోసం కాదు. నేను దొరికిపోకుండా ఉండటానికి. ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా ఇక్కడ నేను తమ్ముడి పేరు అడ్డుపెట్టుకోలేను.

ఆ తర్వాత ఆవిడ గరిటె వదిలేసింది. వంటమనిషిని పెట్టారు. అప్పుడు రుచి నిజంగానే మారింది. రోజూ వచ్చి తినే లారీ డ్రైవర్లు కూడా వేరే చోటికి పోయారు. ఒకరోజు దానియేలు గారు వచ్చి, "హోటల్ మూసేశామమ్మా, ఆ సైటు కూడా తీసేయి" అన్నారు. ఇన్నాళ్ళు సాయం చేశావని దండం పెట్టారు, వేళ్ళు లేని ఆ చేతిని రెండో చేతితో కలిపి. ఆయన గేటు దాటకముందే సైటు తీసేశాను. బటన్ పోయింది. చూసేవాళ్ళు ఇక ఎవరూ లేరు. బయటపడ్డాను అనుకున్నాను.

వాళ్ళు ఊరు విడిచి వెళ్ళారు.

ఈ వేసవిలో ఒక మిర్చి వ్యాపారికి సైటు చేయడానికి గుంటూరు వెళ్ళాను. ఫోటోల కోసం గోడౌన్‌లోకి తీసుకెళ్ళారు. ఎర్రటి కాయల కుప్పల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు, అయినా దగ్గులే. ఒకావిడ గుడ్డ కిందికి లాగి, "అమ్మాయ్, నువ్వా!" అంది.

మధ్యాహ్నం అన్నం వేళ బయట రేకుల నీడలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. బాక్సు తెరిచింది. వంట దానియేలు గారే చేస్తారట. కూతురి పెళ్ళిచూపులకు కూడా ఆయనే వండారట. "నా నాలిక మీద నాకే నమ్మకం లేదమ్మా. పొయ్యి వైపే పోను" అని, ఎవరి సంగతో చెబుతున్నట్టు మామూలుగా చెప్పింది. తన బాక్సులోంచి నాకు ఒక ముద్ద కలిపి పెట్టబోయింది.

అక్కడ చెప్పేశాను. ముందూ వెనకా లేకుండా చెప్పాను. బటన్, ఆవిడే ఆర్డర్లు మానేసిందని తమ్ముడితో ఆడిన అబద్ధం, పులుసు. పులుసు సంగతి ముందు చెప్పాననుకుంటాను.

ఆవిడ చేతిలో ముద్ద అలాగే ఉంది.

"బాగుందని తెలిసే అలా అన్నావా?"

"తెలిసే అన్నానాంటీ."

తిట్టలేదు. తిడుతుందేమోనని, తిట్టాలని, ఎదురుచూశాను. చివరికి అంది: "అయితే మా చర్చివాళ్ళు ముందు నన్నే అడగాలనుకున్నారు. నేనే వద్దన్నానని అనుకున్నారు. అంతేనా?"

తల ఊపాను.

"నాకు చెప్పి ఏం లాభం? వాళ్ళకు చెప్పు. మీ తమ్ముడికి చెప్పు. ఆ ఊళ్ళో చెప్పు." ముద్ద బాక్సులో పెట్టేసి మూత వేసింది. గుడ్డ ముక్కు మీదికి లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళ పనయ్యేదాకా నేను గోడౌన్ గేటు దగ్గర నిలబడ్డాను. ఆవిడ మిగతా ఆడవాళ్ళతో కలిసి నా ముందు నుంచే నడిచి వెళ్ళింది. నా వైపు చూడలేదు.

క్షమించమని అడగలేదు నేను. అడిగితే అది కూడా ఆవిడ దగ్గర ఇంకోటి లాక్కోవడమే అనిపించింది.

ఊరికి తిరిగొచ్చాను. ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఆదివారం చర్చి దాకా వెళ్ళి, పాటలు వినపడుతుంటే గోడ పక్కనుంచే వెనక్కి వచ్చేశాను. శ్రీను హోటల్ ఇప్పుడు బాగా నడుస్తోంది. వాడికి ఒక పాప. ఆవిడ పేరు చెప్పి ఇప్పటికీ దణ్ణం పెట్టే వాడికి, నీ కంచంలో అన్నం ఆవిడదిరా అని ఎలా చెప్పను? చెప్పాక వాడు ఏమైపోతాడు? చెప్పకపోతే ఆవిడ ఏమైపోయిందో చూశాను కదా. రెండు వైపులా ఊపిరాడటం లేదు.

ఆవిడ చెప్పమన్నది వాళ్ళకు. నేను చెబుతున్నది మీకు, అదీ పేరు లేకుండా. ఇది సరిపోదని తెలుసు. కానీ ఇంతవరకు ఈ మాటలు కాగితం మీద కూడా పెట్టలేకపోయాను. ఇప్పుడు పెట్టాను. గొంతులో అడ్డం కొంచెం కదిలింది. వాళ్ళ ముందు నిలబడ్డప్పుడు ఏ మాటలు చెప్పాలో అవే ఇక్కడ రాస్తున్నాను, నోటికి అలవాటు కావాలని.

సువార్తమ్మ గారు మీ ఆర్డరు ఏనాడూ కాదనలేదు. ఆవిడ వంట చెడలేదు. ఆ ఫోన్ ఆవిడకు మోగకుండా చేసింది నేను. బాగున్న కూరను బాగాలేదన్నది నేను.