పచ్చనేల అని పేరు పెట్టినవాడు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరి చేతిలోనైనా ప్రాణం పోతే, కోర్టుకంటే ముందు పెద్దమనుషులే తీర్పు చెప్పేవారు: ఊరొదిలి పో, సద్దుమణిగాక రా. గట్టు తగాదాలో మనిషిని నరికిన మా బాబాయి అలాగే పోయాడు. కొన్నేళ్ళకు తిరిగొచ్చి, మిరపకాయల కళ్ళంలో మంచమేసుకుని, కొత్త నేల గొప్పలు మొదలుపెట్టాడు. కృష్ణ అవతల అడవి అంచున దున్నినవాడిదే రాజ్యమట. మా నాన్న నోరు తెరుచుకుని విన్నాడు. మమ్మల్నందరినీ బండెక్కించి తీసుకుపోతానన్నాడు. మా ఇంట్లో మగవాళ్ళ మాటకు ఎదురుచెప్పే ఆచారం లేదు. ఉంటే నాన్న బతికేవాడేమో.

పక్కింటి అక్క నరసరావుపేట కాలేజీలో చరిత్ర చదివేది. ఆ మధ్యాహ్నం మాతోపాటు రంగుపోయిన తాలుకాయలు ఏరుతూ, నాకు చెబుతున్నట్టే, మా అమ్మకు వినబడేంత గట్టిగా ఒక కథ ఎత్తుకుంది.

వెయ్యేళ్ళ కిందట ఉత్తరాన చలి సముద్రాల మీద వైకింగులని ఉండేవారట. వాళ్ళలో ఒకడు పొరుగువాళ్ళను చంపితే వెలివేశారు. పడమటికి ఓడ నడిపాడు. మంచు తప్ప పెద్దగా ఏమీ లేని నేల దొరికింది. తిరిగొచ్చి దాని పేరు పచ్చనేల అన్నాడు, మంచి పేరుంటే జనం వస్తారని. జనం పిల్లాజెల్లాతో ఓడలెక్కారు. కొన్ని ఓడలు దారిలోనే మునిగాయి.

“అబద్ధమని ఒక్కళ్ళూ అనలేదా?” అన్నాను.

“ఏమే, అందరూ నీలాగా నోరేసుకుని పుడతారా?”

వాడి కొడుకులు ఇంకా పడమటికి, ఇప్పటి అమెరికా ఒడ్డు దాకా పోయారట. అక్కడ తోలుపడవల కింద పడుకున్న మనుషులు కనబడితే ఒక కొడుకు వాళ్ళను పట్టి చంపించాడు. ఆ మనుషుల్లో ఒకడు తప్పించుకుపోయి తనవాళ్ళను తీసుకొచ్చాడు. బాణాలు కురిశాయి. ఆ కొడుకును ఆ ఒడ్డునే పాతిపెట్టారు.

“అంత సముద్రం దాటారు గానీ, కత్తిని మాత్రం ఇంట్లో వదిలిరాలేదే,” అంది అక్క.

నేను లేచి మంచం దగ్గరికి పోయాను. “బాబాయ్, నీ నేలలో ముందు ఎవరుండేవాళ్ళు?”

“ఏందే నీ గోల! ఏవో నాలుగు గుడిసెలు. ఇప్పుడు లేవులే.” నవ్వాడు.

అమ్మ ఒళ్ళోని కాయలు దులిపి నిలబడింది. “నేను రాను. పిల్లల్నీ పంపను.”

నాన్న తిట్టాడు, కొట్టాడు. అమ్మ కదల్లేదు. ఎద్దుల్ని తోలుకుని ఆయన ఒక్కడే తమ్ముడి వెంట పోయాడు. తొలకరికి ఎవరో ఆ ఎద్దుల్ని తెచ్చి మా కొట్టంలో కట్టేశారు. గుడిసెలవాళ్ళు తిరిగొచ్చారనీ, అన్నదమ్ములిద్దరూ అక్కడే పోయారనీ చెప్పారు. నాన్న కోసం చానా ఏడ్చాను. గుడిసెలవాళ్ళ మీద కోపం తెచ్చుకుందామంటే మాత్రం ఈనాటికీ రాలేదు.

ఇప్పుడు మావాళ్ళు ఎక్కడ ప్లాటు చూపించినా, ముందు ఇక్కడ ఎవరుండేవారని అడుగుతాను. శుభమా అని వస్తే ఈ అపశకునపు నోరేమిటని విసుక్కుంటారు. విసుక్కోనీ. ఖాళీ నేల అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు బాబాయి నవ్వు వినబడుతుంది.